విశాఖలో నర్సు ఉద్యోగం: చేరేముందు వేసుకోవలసిన లెక్కలు



మూడేళ్ల కిందట నేను బదిలీ మీద విశాఖపట్నం వచ్చినప్పుడు తొమ్మిదో తరగతిలో ఉన్న ఒక అమ్మాయి ఇప్పుడు పన్నెండో తరగతి పూర్తి చేయబోతోంది. పరీక్షలకు నెల రోజుల ముందు, ఒక మధ్యాహ్నం స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర నిలబడి అడిగింది: “సార్, నర్సింగ్ చదివితే వైజాగ్‌లో ఉద్యోగం వస్తుందా?”

“ఎందుకు రాదమ్మా! ఈ ఊళ్లో ఆసుపత్రులకు కొదవా?” అన్నాను.

ఆ అమ్మాయి కదల్లేదు. “జీతం ఎంత ఇస్తారు సార్? మా నాన్న అప్పు చేసి చేర్పిస్తానంటున్నారు. ఆ అప్పు నేను తీర్చగలనా?” అంది.

ఈ రెండో ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. “రెండు రోజులు ఆగు, కనుక్కుని చెప్తాను” అన్నాను. ఆ రాత్రి మా అక్కకు ఫోన్ చేశాను. మా అక్క నర్సు. ఆమె చెప్పినవి, తర్వాత నేను చదివి తెలుసుకున్నవి కలిపి ఈ పాఠం రాస్తున్నాను. నర్సింగ్ వైపు వెళ్లాలనుకునే వారికే కాదు, అప్పు చేసి ఏ చదువు చదవబోయే వారికైనా ఇందులో పనికొచ్చే మాట ఒకటుంది. ఉద్యోగం దొరుకుతుందా అని మాత్రమే అడిగితే చాలదు. ఎలాంటి ఉద్యోగం, ఏ జీతానికి, ఏ షరతు మీద అని కూడా అడగాలి.

1. విశాఖలో ఇన్ని ఆసుపత్రులు ఎందుకున్నాయి?

విశాఖ సముద్రపు ఒడ్డున ఉన్న ఊరే అయినా దాని ఆసుపత్రులకు వచ్చే రోగుల్లో చాలామంది కొండల వైపు నుంచి వస్తారు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు, పాడేరు, అరకు మన్యం, ఒడిశాలోని కోరాపుట్, రాయగడ ప్రాంతాలు, ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ ప్రాంతం – ఇక్కడి జనానికి పెద్ద జబ్బు చేస్తే దారి విశాఖకే. జనం “పెద్దాసుపత్రి” అనే కింగ్ జార్జ్ ఆసుపత్రి, అంటే కేజీహెచ్, 1923లో మొదలైంది. వెయ్యికి పైగా పడకలున్న బోధనాసుపత్రి అది. దాని చుట్టూ ఉన్న మహారాణిపేటలో అడుగడుగునా నర్సింగ్ హోములు, ల్యాబులు, మందుల దుకాణాలు కనిపిస్తాయి. రామ్‌నగర్ వైపు కార్పొరేట్ ఆసుపత్రులు వచ్చాయి. ఆ తర్వాత ఆరిలోవ దగ్గర హెల్త్ సిటీ పేరుతో అనేక ఆసుపత్రులు ఒకేచోట వెలిశాయి. హనుమంతవాక దగ్గర ప్రభుత్వ ఆధ్వర్యంలోని విమ్స్, అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ నడిపే హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి.

ఇవి కాక ఈ ఊరికే ప్రత్యేకమైనవి కొన్ని ఉన్నాయి. నౌకాదళానికి ఐఎన్‌హెచ్‌ఎస్ కల్యాణి ఆసుపత్రి, రైల్వేకు డివిజనల్ ఆసుపత్రి, ఉక్కునగరంలో స్టీల్ ప్లాంటు ఆసుపత్రి, పోర్టుకు సొంత ఆసుపత్రి, కార్మికులకు ఈఎస్ఐ ఆసుపత్రి. మన బడిలో చదివే మీలో చాలామంది అమ్మానాన్నలు ఈ సంస్థల్లోనే పని చేస్తున్నారు కాబట్టి వీటి లోపలి వరండాలు మీకు తెలిసినవే.

ప్రైవేటు ఆసుపత్రులు పెరగడానికి మరో కారణం ఆరోగ్యశ్రీ. 2007లో ఈ పథకం మొదట మూడు జిల్లాల్లో మొదలైంది. అందులో శ్రీకాకుళం ఒకటి. అంతవరకు గుండె ఆపరేషన్ అంటే ఇల్లు అమ్ముకోవాల్సిందే అనుకున్న పేదవాడికి, ప్రభుత్వం డబ్బు కడితే ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషన్ జరిగే వీలు వచ్చింది. రోగులు పెరిగారు, పడకలు పెరిగాయి. పడక పెరిగితే పగలూ రాత్రీ దాన్ని చూసుకునే నర్సు కావాలి. కాబట్టి ఉద్యోగం దొరుకుతుందని నేను ఆ అమ్మాయితో అన్న మాట అబద్ధం కాదు. అది సగం జవాబు.

2. చదువులో మెట్లు

నర్సింగ్‌లో ముఖ్యంగా మూడు చదువులున్నాయి. ఏఎన్ఎం రెండేళ్లు. ఇది ఎక్కువగా గ్రామాల్లో తల్లీపిల్లల ఆరోగ్యం, టీకాల పనికి సంబంధించినది. జీఎన్ఎం మూడేళ్ల డిప్లొమా. పన్నెండో తరగతిలో ఏ గ్రూపు చదివినా, ఇంగ్లిషు ఒక సబ్జెక్టుగా ఉండి, కావలసిన మార్కులుంటే ఇందులో చేరవచ్చు. బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు. దీనికి భౌతిక, రసాయన, జీవ శాస్త్రాలు చదివి ఉండాలి. జీఎన్ఎం చేసినవారు తర్వాత రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ చేసి డిగ్రీ పొందవచ్చు. ఆపైన ఎమ్మెస్సీ ఉంది. ఇంట్లో పరిస్థితి బాగాలేక జీఎన్ఎంతో మొదలుపెట్టినవారికి పైమెట్టు మూసుకుపోదని గుర్తుంచుకోండి.

కాలేజీని ఎంచుకునేటప్పుడు గోడలకున్న రంగులను, బస్సును చూసి మోసపోకండి. మూడు విషయాలు అడగండి.

మొదటిది, ఆ కాలేజీకి రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు, భారత నర్సింగ్ కౌన్సిల్ అర్హత ఈ ఏడాదికి ఉన్నాయా? ఎన్ని సీట్లకు ఉన్నాయి? భారత నర్సింగ్ కౌన్సిల్ 1947 నాటి చట్టం కింద ఏర్పడింది. దాని స్థానంలో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్‌ను తెచ్చేందుకు పార్లమెంటు 2023లో కొత్త చట్టం చేసింది. సంస్థ పేరు మారినా, చేరేముందు గుర్తింపు చూసుకోవలసిన అవసరం మారదు.

రెండోది, కాలేజీకి అనుబంధ ఆసుపత్రి ఎక్కడుంది? బీఎస్సీ నర్సింగ్ కాలేజీకి కనీసం 100 పడకల మాతృ ఆసుపత్రి ఉండాలని నిబంధన. కాగితం మీద ఆసుపత్రి ఉండి, వార్డులో రోగులు లేకపోతే పిల్లలు ఎవరికి సూది వేసి నేర్చుకుంటారు? అక్క మాటల్లో చెప్పాలంటే, “బొమ్మ చేతికి సెలైన్ పెట్టడం అందరికీ వస్తుంది. ఒళ్లంతా నీరు పట్టిన ముసలమ్మకు నరం దొరకబుచ్చుకోవడం వార్డులోనే వస్తుంది.”

మూడోది, మొత్తం ఖర్చు. ట్యూషన్ ఫీజు ఒక్కటే చెబుతారు. హాస్టల్, యూనిఫారం, పరీక్ష ఫీజు, ఆసుపత్రికి వెళ్లొచ్చే బస్సు ఖర్చు కూడా రాయించుకోండి.

3. పని ఒకటే, జీతాలు మూడు

ఇక అసలు విషయానికి వద్దాం. విశాఖలో ఒకే రోజు, ఒకే చదువు చదివిన ముగ్గురు నర్సులు ముగ్గురు రోగులకు ఒకే మందు ఎక్కిస్తూ ఉండవచ్చు. ముగ్గురి జీతం మాత్రం ఒకటి కాదు.

మొదటి ఆమె కేంద్ర ప్రభుత్వ సంస్థలో రెగ్యులర్ ఉద్యోగి. ఏడో వేతన సంఘం ప్రకారం ఆమె ఉద్యోగం లెవెల్ 7లో ఉంటుంది. మొదటి మూల వేతనమే 44,900 రూపాయలు. దానిపై కరవు భత్యం, ఇంటి అద్దె భత్యం, నర్సింగ్ భత్యం. ఈ ఉద్యోగాన్ని కేంద్రం 2016 నుంచి “నర్సింగ్ ఆఫీసర్” అని పిలుస్తోంది. రాష్ట్ర ప్రభుత్వ రెగ్యులర్ నర్సుకు రాష్ట్ర వేతన స్కేలు వర్తిస్తుంది.

రెండో ఆమె ప్రభుత్వ ఆసుపత్రిలోనే ఉంటుంది కానీ కాంట్రాక్టు మీదో, పొరుగు సేవల పద్ధతిలోనో పని చేస్తుంది. నెలకు ఇంత అని నిర్ణీత మొత్తం ఇస్తారు. కాంట్రాక్టును పొడిగిస్తేనే ఉద్యోగం నిలుస్తుంది. బీఎస్సీ నర్సింగ్ చేసినవారిని పల్లెల్లోని ఆరోగ్య కేంద్రాల్లో మధ్యస్థాయి ఆరోగ్య సేవకులుగా తీసుకుంటున్నది కూడా ఎక్కువగా ఈ పద్ధతిలోనే.

మూడో ఆమె ప్రైవేటు ఆసుపత్రిలో ఉంటుంది. కొత్తగా చదువు ముగించినవారికి అన్నిటికంటే త్వరగా తెరుచుకునే తలుపు ఇదే. జీతం ఆసుపత్రిని బట్టి, వార్డును బట్టి, బేరమాడే శక్తిని బట్టి ఉంటుంది.

ఈ తేడా మీద దేశ అత్యున్నత న్యాయస్థానం దాకా వ్యాజ్యం వెళ్లింది. 2016 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశం ఇచ్చిన తర్వాత కేంద్ర ప్రభుత్వం ఒక నిపుణుల సంఘాన్ని వేసింది. ప్రైవేటు నర్సుల జీతాల గురించి ఆ సంఘం చేసిన సిఫారసులు ఇవి:

– 200 పడకలకు మించిన ఆసుపత్రిలో: ఆ రాష్ట్ర ప్రభుత్వ నర్సుతో సమానంగా.
– 100 పడకలకు మించిన ఆసుపత్రిలో: ప్రభుత్వ జీతం కంటే 10 శాతానికి మించి తగ్గకూడదు.
– 50 నుంచి 100 పడకల ఆసుపత్రిలో: 25 శాతానికి మించి తగ్గకూడదు.
– 50 పడకల లోపు ఆసుపత్రిలో: నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదు.

సిఫారసు వేరు, చట్టం వేరు. అమలు చేయవలసిన బాధ్యత రాష్ట్రాలది. కేరళలో నర్సులు ఏళ్ల తరబడి ఆందోళన చేశాక, 2018లో ఆ రాష్ట్ర ప్రభుత్వం ప్రైవేటు నర్సులకు 20,000 రూపాయల కనీస మూల వేతనం ప్రకటించింది. అంటే సిఫారసు దానంతట అది జీతం చీటీలోకి రాదు. అడిగేవారుంటేనే వస్తుంది. ఇంటర్వ్యూకు వెళ్లినప్పుడు ఈ నాలుగు వరుసలు మీకు తెలిసి ఉండాలి. ఇస్తారా, ఇవ్వరా అన్నది తర్వాతి మాట. తెలిసి అడిగిన మనిషితో ఎదుటివారు మాట్లాడే తీరే వేరు.

ఇప్పుడు ఆ అమ్మాయి లెక్క చూద్దాం. మూడు లక్షల అప్పు అనుకుందాం. మొదటి జీతం 15,000 అనుకుందాం. హాస్టల్, తిండి, దారి ఖర్చులకు 7,000 పోతుంది. ఇంటికి 3,000 పంపాలి. మిగిలేది 5,000. వడ్డీ లేకపోయినా మూడు లక్షలు తీరడానికి 60 నెలలు, అంటే ఐదేళ్లు పడుతుంది. అదే అప్పు లక్ష అయితే 20 నెలలు. జీతం 20,000 అయితే మిగిలేది 10,000. మూడు లక్షలు 30 నెలల్లో తీరుతాయి. ఈ అంకెలు నేను ఉదాహరణకు వేసినవి. మీ అంకెలు మీరు వేసుకోండి. కాలేజీలో చేరడానికి ముందు ఒక కాగితం మీద ఈ నాలుగు వరుసల లెక్క వేయని ఇల్లు ఉండకూడదని నా కోరిక.

4. మా అక్క సర్టిఫికెట్లు

మాది శ్రీకాకుళం జిల్లాలో చిన్న పల్లె. అక్క జీఎన్ఎం ముగించి 2008లో విశాఖలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరింది. నెలకు 4,500. చేరిన రోజున ఆఫీసులో “ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇక్కడ ఉంచాలమ్మా, అందరూ ఇస్తారు” అన్నారు. అందరూ ఇస్తారంటే అక్క కూడా ఇచ్చింది. పదో తరగతి మార్కుల జాబితా మొదలు రిజిస్ట్రేషన్ కాగితం దాకా అన్నీ ఇచ్చింది. రసీదు తీసుకోలేదు.

రెండేళ్ల తర్వాత జిల్లాలో కాంట్రాక్టు నర్సు పోస్టులకు ప్రకటన వచ్చింది. మెరిట్ జాబితాలో అక్క పేరు ఉంది. ఫలానా రోజు ఒరిజినల్స్‌తో పరిశీలనకు రమ్మన్నారు. అక్క ఆఫీసుకు వెళ్లి అడిగితే, మూడు నెలల జీతం కట్టి తీసుకెళ్లమన్నారు. చేరినప్పుడు సంతకం పెట్టిన కాగితంలో ఆ మాట ఉందట. అక్క ఆ కాగితం చదవలేదు. నాన్న ఊళ్లో రెండిళ్లు తిరిగి 13,500 పోగుచేసి, శ్రీకాకుళంలో బస్సెక్కి వచ్చేసరికి పరిశీలన తేదీ దాటిపోయింది. అప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను. ఆ రాత్రి నాన్న ఆసుపత్రి బయట అరుగు మీద డబ్బు సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం నాకింకా గుర్తుంది. ఆయన ఎవరినీ ఒక్క మాట అనలేదు. “చదువుకున్నదానివి కదమ్మా, కాగితం చదవలేదా?” అని మాత్రం అడిగారు.

మరో రెండేళ్లకు ఇంకో ప్రకటన వచ్చింది. ఈసారి కాగితాలు అక్క పెట్టెలోనే ఉన్నాయి. ఇప్పుడు ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో పని చేస్తోంది. అయినా పోయిన ఆ రెండేళ్ల సర్వీసు తిరిగి రాలేదు.

అందుకే చెబుతున్నాను. ఉద్యోగంలో చేరేటప్పుడు ఒరిజినల్స్ చూపించండి, అటెస్టు చేసిన నకళ్లు ఇవ్వండి. ఒరిజినల్స్ వదిలి రాకండి. సంతకం పెట్టే ప్రతి కాగితాన్నీ ఇంటికి తెచ్చి పెద్దవాళ్లతో కలిసి చదవండి. నియామక పత్రం, జీతం చీటీ, చివరన అనుభవ ధ్రువపత్రం – ఈ మూడూ లేని ఉద్యోగం చేసినా చేయనట్టే లెక్క.

ఎందుకో చూడండి. ఎయిమ్స్ సంస్థలు 2020 నుంచి నర్సింగ్ ఆఫీసర్ల కోసం దేశమంతటికీ కలిపి నార్‌సెట్ అనే పరీక్ష పెడుతున్నాయి. మంగళగిరి ఎయిమ్స్‌కూ దారి అదే. బీఎస్సీ నర్సింగ్ చేసినవారు నేరుగా రాయవచ్చు. జీఎన్ఎం చేసినవారికి కనీసం 50 పడకల ఆసుపత్రిలో రెండేళ్ల అనుభవం ఉండాలి. అంటే 30 పడకల నర్సింగ్ హోములో ఐదేళ్లు కష్టపడినా ఆ పరీక్షకు పనికిరాదు. మొదటి ఉద్యోగంలో 500 రూపాయలు ఎక్కువ ఎక్కడిస్తారో చూడటం కంటే, ఆసుపత్రికి ఎన్ని పడకలున్నాయో చూడటం మేలు.

5. డ్యూటీ ఎలా ఉంటుంది?

నర్సు రోజు మూడు షిఫ్టులుగా ఉంటుంది: ఉదయం, మధ్యాహ్నం, రాత్రి. రాత్రి షిఫ్టే పొడవైనది. బోధనాసుపత్రిలో ముగ్గురు రోగులకు ఒక నర్సు, ఇతర ఆసుపత్రుల్లో ఐదుగురికి ఒకరు ఉండాలని నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. ఐసీయూలో ఒక్కో పడకకు ఒక నర్సు. అయితే మన దేశంలో వెయ్యి మంది జనాభాకు ఉన్న నర్సులు దాదాపు ఇద్దరే. కొరత ఉన్నచోట ఒక మనిషి మీద ఎంత బరువు పడుతుందో ఊహించండి. కేవలం జీతం కోసం ఇందులోకి వచ్చినవారు మొదటి నెల రాత్రి డ్యూటీలు దాటలేరని అక్క అంటుంది. కనుక చేరేముందు మీకు తెలిసిన నర్సుతో ఒక పూట మాట్లాడండి. రక్తం చూస్తే కళ్లు తిరిగేవారు కూడా మంచి నర్సులయ్యారు. తోటి మనిషి బాధ చూసి విసుక్కునేవారు మాత్రం కాలేరు.

అబ్బాయిలకు ఒక మాట. ఇది ఆడపిల్లల ఉద్యోగమే అనుకోకండి. ఎయిమ్స్‌లో నర్సింగ్ ఆఫీసర్ పోస్టుల్లో 80 శాతం మహిళలకు, 20 శాతం పురుషులకు కేటాయించారు. రైల్వే బోర్డు పరీక్షల ద్వారా కూడా పురుషులు చేరుతున్నారు. అమ్మాయిలకు సైన్యంలో మరో దారి ఉంది. నీట్ రాసిన అవివాహిత యువతులను సాయుధ దళాల నర్సింగ్ కళాశాలల్లో నాలుగేళ్ల బీఎస్సీకి ఎంపిక చేస్తారు. చదువు పూర్తయ్యాక అధికారి హోదాలో సైనిక నర్సింగ్ సేవలో చేరతారు. ఇంట్లో అప్పు చేయలేని వారు ముందుగా ఆలోచించవలసిన దారి ఇది.

6. నొప్పికి ఎన్ని పేర్లు?

ఈ పాఠం రాస్తున్నది తెలుగు మాస్టారు కాబట్టి భాష సంగతి చెప్పకుండా ఉండలేను. ఖరగ్‌పూర్‌లోనూ, పోర్ట్ బ్లెయిర్‌లోనూ పని చేసినప్పుడు చుట్టూ ఎంతోమంది తెలుగువారు ఉండేవారు. పోర్ట్ బ్లెయిర్‌లో ఒకసారి జ్వరంతో ఆసుపత్రిలో ఉన్నాను. పక్క మంచం మీద కాలికి కట్టు కట్టిన తెలుగు తాత. ఉత్తరాంధ్ర నుంచి ఎప్పుడో పడవ ఎక్కి వచ్చిన మనిషి. “రాత్రంతా ఒకటే సలుపమ్మా” అంటున్నాడు. మలయాళీ నర్సుకు అర్థం కాక నా వైపు చూసింది. “నొప్పిగా ఉందంటున్నాడు” అని హిందీలో చెప్పాను. ఆమె ఊరుకోలేదు. “ఎలాంటి నొప్పి?” అని అడిగింది.

తెలుగులో ఎమ్మే చేసినవాణ్ని, ఒక నిమిషం ఆలోచించవలసి వచ్చింది. సలుపు అంటే మామూలు నొప్పి కాదు. లోపల కొట్టుకుంటున్నట్టు, ఆగి ఆగి పొంగుతున్నట్టు ఉండేది. చేతితో గుండె కొట్టుకున్నట్టు చూపించి చెప్పాను. ఆమె వెంటనే కట్టు విప్పింది. పుండు చీము పట్టి ఉంది. డాక్టరును పిలిచింది.

మన భాషలో నొప్పికి ఎన్ని మాటలున్నాయో చూడండి: పోటు, సలుపు, తీపు, మంట, లాగుడు, పీకుడు, తిమ్మిరి. వాంతిని డోకు అనే ఊళ్లున్నాయి, విరేచనాలను బేదులు అనే ఊళ్లున్నాయి. రోగి నర్సుకు చెప్పేది ఈ మాటల్లోనే. విశాఖ వార్డులో తెలుగుతో పాటు కాస్త ఒడియా, కాస్త హిందీ వచ్చిన నర్సు విలువ ఎక్కువ. మీరు బడిలో మూడు భాషలు చదువుతూ “ఎందుకు సార్ ఇవన్నీ?” అని అడుగుతుంటారు కదా, ఇందుకు.

విదేశాలకు వెళ్లాలన్నా మొదటి మెట్టు భాషే. జర్మనీలో నర్సుగా నమోదు కావాలంటే సాధారణంగా జర్మన్ భాషలో బీ2 స్థాయి కావాలి. బ్రిటన్‌కు ఐఈఎల్‌టీఎస్ గానీ ఓఈటీ గానీ పాస్ కావాలి. గల్ఫ్ దేశాలకు వెళ్లే నర్సులకు 2015 నుంచి ప్రభుత్వ వలస అనుమతి తప్పనిసరి. ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్, తెలంగాణలో టామ్‌కామ్, కేరళలో నోర్కా రూట్స్ వంటి ప్రభుత్వ సంస్థలకు ఆ నియామకాల బాధ్యత అప్పగించారు. లైసెన్సు ఉన్న ఏజెంటు కూడా సేవా రుసుముగా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మించి తీసుకోకూడదు. ఎవరైనా లక్షలు అడిగితే, ఆ గుమ్మం దిగి రండి.

7. ఆ అమ్మాయికి నేను చెప్పిన జవాబు

రెండు రోజులన్నది వారమైంది. ఆ అమ్మాయిని, వాళ్ల నాన్నను కూర్చోబెట్టి ఇదంతా చెప్పాను. “ఉద్యోగం వస్తుంది. మొదటి రెండేళ్లు జీతం తక్కువే ఉంటుంది. అప్పు ఎంత చిన్నదైతే నీ చేతిలో అంత బలం ఉంటుంది” అన్నాను. వాళ్ల నాన్న ఏమీ మాట్లాడకుండా జేబులోంచి కాలేజీవాళ్లు ఇచ్చిన కరపత్రం తీసి వెనకవైపు లెక్క వేయడం మొదలుపెట్టారు.

మరుసటి ఆదివారం ఇద్దరూ ఆ కాలేజీకి వెళ్లి, అనుబంధ ఆసుపత్రి చూపించమన్నారట. రెండు గంటల బస్సు ప్రయాణం దూరంలో ఉన్న ఊరి పేరు చెప్పారట. “మేం ఆలోచించుకుంటాం సార్” అని వచ్చేశారు. ఆ అమ్మాయి ఇప్పుడు ప్రభుత్వ కళాశాల సీటు కోసం, సైనిక నర్సింగ్ కోసం నీట్‌కు కూడా చదువుతోంది. ఫలితం ఇంకా రావాలి. ఏది వచ్చినా కళ్లు తెరిచే చేరుతుంది. నాకు అంతకన్నా ఏం కావాలి?

గుర్తుంచుకోవలసినవి

1. కాలేజీకి ఈ ఏటి గుర్తింపు, అనుబంధ ఆసుపత్రి చూడండి.
2. చదువు ముగియగానే రాష్ట్ర కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకోండి. వేరే రాష్ట్రానికి వెళితే అక్కడా నమోదు కావాలి.
3. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి దగ్గరా వదలకండి.
4. మొదటి ఉద్యోగం 50 పడకలకు తగ్గని ఆసుపత్రిలో చూసుకోండి. అనుభవ ధ్రువపత్రం తీసుకోండి.
5. ఇంకో భాష నేర్చుకోండి.

పదాలు – అర్థాలు

సలుపు: కొట్టుకుంటున్నట్టు ఉండే నొప్పి
పోటు: పొడిచినట్టు ఉండే నొప్పి
తీపు: ఒళ్లు లాగుతున్నట్టు ఉండే నొప్పి
పొరుగు సేవలు: సంస్థ నేరుగా కాక మరో ఏజెన్సీ ద్వారా మనుషులను పెట్టుకునే పద్ధతి
ధ్రువపత్రం: ఒక విషయం నిజమని రాసి ఇచ్చే పత్రం
సిఫారసు: ఇలా చేస్తే మంచిదని చెప్పే సూచన, ఆదేశం కాదు

అభ్యాసం

1. ఒక రాష్ట్ర ప్రభుత్వ నర్సు జీతం 40,000 రూపాయలు అనుకోండి. నిపుణుల సంఘం సిఫారసు ప్రకారం 80 పడకల ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుకు కనీసం ఎంత ఇవ్వాలి? 150 పడకల ఆసుపత్రిలో ఎంత?
2. రెండు లక్షల అప్పు, నెలకు 4,000 మిగులు ఉంటే, వడ్డీ లేకుండా ఎన్ని నెలల్లో తీరుతుంది?
3. “సిఫారసు వేరు, చట్టం వేరు.” ఈ వాక్యాన్ని పాఠంలోని ఉదాహరణతో వివరించండి.
4. మీ ఇంట్లో, మీ వీధిలో పెద్దవాళ్లను అడిగి నొప్పిని, నలతను చెప్పే పది తెలుగు మాటలు సేకరించండి. ఒక్కొక్కటి ఏ రకం బాధో ఒక్కో వాక్యంలో రాయండి.
5. మీకు తెలిసిన ఒక నర్సును కలిసి, ఆమె లేదా ఆయన మొదటి ఉద్యోగం గురించి ఐదు ప్రశ్నలు అడిగి, జవాబులు మీ మాటల్లో రాయండి.